కట్టడం పనికి టేపు: అసలు చూడాల్సింది మొదటి జానెడు

కట్టడం పనికి టేపు కొనేటప్పుడు సాధారణంగా అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని మీటర్లది? కింద పడితే పగలదు కదా? రెండూ అవసరమైనవే. కానీ పనిలో కొలతలు తప్పడానికి కారణాలు వెతికితే అవి ఎక్కువగా టేపు మొదటి జానెడులోనే దొరుకుతాయి. కొక్కెం వదులవుతుంది, మొదటి అంకెలు అరిగిపోతాయి, ఏ అంచున చదవాలో తేలని ముద్రణ తికమక పెడుతుంది. డబ్బా ఎంత గట్టిదైనా కొక్కెం దగ్గర తేడా ఉంటే, ఆ టేపు పాడయ్యేదాకా ప్రతి కొలతనూ అంతే తేడాతో చెబుతూ ఉంటుంది. అందుకే టేపుల పోలిక కొక్కెంతో మొదలుకావాలి.

కదిలే కొక్కెం

కొత్త టేపు చేతిలోకి తీసుకుని కొక్కెం అటూ ఇటూ కదులుతోందని గమనించిన చాలామంది అది లోపమనుకుంటారు. కొందరు సుత్తితో కొట్టి రివెట్లు బిగించేస్తారు కూడా. నిజానికి ఆ కదలిక కావాలని పెట్టింది. చెక్క అంచుకు కొక్కెం తగిలించి లాగినప్పుడు కొలత కొక్కెం లోపలి ముఖం నుంచి మొదలవుతుంది. అదే టేపును గోడకు నొక్కి కొలిచినప్పుడు బయటి ముఖం నుంచి మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య తేడా కొక్కెం రేకు మందమంత, అంటే సుమారు ఒక మిల్లీమీటరు. అందుకే రివెట్ల రంధ్రాలను కాస్త కోలగా చేసి, కొక్కెం సరిగ్గా తన మందమంతే జరిగేలా అమర్చుతారు. లాగితే అంత ముందుకు వస్తుంది, నొక్కితే అంత వెనక్కి పోతుంది. రెండు సందర్భాల్లోనూ సున్నా ఉండాల్సిన చోటే ఉంటుంది.

సుత్తితో బిగించేస్తే ఈ రెండింటిలో ఒకటి ఎప్పటికీ తప్పవుతుంది. కదలిక ఉండాల్సిన దానికంటే ఎక్కువైతే లాగి కొలిచినప్పుడో, నొక్కి కొలిచినప్పుడో, లేదా రెండుసార్లూ తప్పు వస్తుంది. కిటికీ సందును నొక్కి కొలిచి, అదే టేపును చట్రం చెక్కకు తగిలించి కోత గీత పెట్టేవారికి ఈ తేడా నేరుగా పనిలో కనిపిస్తుంది. అప్పుడు చట్రం బిగుతుగా ఇరుక్కుంటుంది, లేదా వదులుగా ఆడుతుంది. నింద మాత్రం కోసినవారి మీద పడుతుంది.

కొనే ముందే దీన్ని పరీక్షించడం తేలిక. నున్నగా కోసిన చిన్న చెక్కముక్క అంచుకు కొక్కెం తగిలించి లాగి, 200 మిల్లీమీటర్ల దగ్గర సన్నని గీత పెట్టాలి. తర్వాత అదే అంచును గోడకు ఆనించి, పక్కనే టేపును గోడకు నొక్కి చదవాలి. గీత మళ్లీ 200 మీదే పడితే కొక్కెం సరైనది. అర మిల్లీమీటరు తేడా ఉన్నా మరో టేపు చూడడం మంచిది. పక్కన 300 మిల్లీమీటర్ల ఉక్కు స్కేలు ఉంటే ఈ పరీక్ష ఇంకా నమ్మకంగా ఉంటుంది.

కొక్కెం ఎందుకు పాడవుతుందో తెలిస్తే ఎలాంటిది కొనాలో కూడా తెలుస్తుంది. లాక్ వదిలి బ్లేడును, అంటే అంకెలున్న ఉక్కు పట్టీని, దాని వేగానికి వదిలేస్తే కొక్కెం ప్రతిసారీ డబ్బా నోటికి కొట్టుకుంటుంది. ఆ దెబ్బలకు రివెట్ల రంధ్రాలు క్రమంగా సాగుతాయి. అందుకే రెండు రివెట్లకంటే మూడు, నాలుగు రివెట్లున్న కొక్కెం ఎక్కువకాలం నిలుస్తుంది. డబ్బా నోటి దగ్గర రబ్బరు మెత్త ఉంటే ఇంకా మేలు. చుట్టుకునేటప్పుడు బ్లేడును వేలితో ఆపుతూ వదలడం అన్నిటికంటే పెద్ద రక్షణ. బ్లేడు అంచు వేలు కోయకుండా కూడా అది కాపాడుతుంది.

అయస్కాంతపు కొక్కెం ఇనుప పనిలో నిజంగా ఉపయోగపడుతుంది. పైపుకు, స్టీలు స్తంభానికి అతుక్కుని రెండో మనిషి అవసరం లేకుండా చేస్తుంది. కానీ కడ్డీలు కోసేచోట, గ్రైండర్ తిరిగేచోట ఇనుపరజను అంతా దానికే పడుతుంది. ఆ పొర అర మిల్లీమీటరున్నా కొలతలో అర మిల్లీమీటరు పోయినట్టే. ప్రతి కొలతకు ముందు తుడిచే అలవాటు లేనివారికి మామూలు కొక్కెమే నయం. పైకీ కిందికీ రెండు వైపులా వంగిన పెద్ద కొక్కెం సెంట్రింగ్ పలకల అంచులను బాగా పట్టుకుంటుంది. ఇరుకు సందుల్లో మాత్రం అడ్డొస్తుంది.

మరీ కచ్చితమైన కొలత కావాలంటే కొక్కెంతో పని లేకుండా 10 సెంటీమీటర్ల గీత నుంచి మొదలుపెట్టి, చివర 10 తీసేయడం అనుభవజ్ఞుల పద్ధతి. తీసేయడం మరిచిపోయే ప్రమాదం అందులో ఉంది. అందుకే 1 సెంటీమీటరు దగ్గరో, ఒక అంగుళం దగ్గరో మొదలుపెట్టకూడదు. 10 సెంటీమీటర్లు తప్పితే వెంటనే ఎవరి కంటికైనా ఆనుతుంది. 1 సెంటీమీటరు తప్పు కోత అయ్యేదాకా బయటపడదు.

బ్లేడు మీది అంకె ఏం హామీ ఇస్తుంది

మంచి టేపుల బ్లేడు మొదట్లో, చిన్న కోలాకారపు గీతలో ఒక రోమన్ అంకె ముద్రించి ఉంటుంది. ఐరోపా కొలత సాధనాల నిబంధనల ప్రకారం అది కచ్చితత్వ తరగతి. మామూలు టేపులకు మూడు తరగతులున్నాయి. మొదటి తరగతిలో అనుమతించే తప్పు 0.1 మిల్లీమీటరు, దానికి తోడు ప్రతి మీటరుకూ 0.1. రెండో తరగతిలో 0.3, మీటరుకు 0.2. మూడో తరగతిలో 0.6, మీటరుకు 0.4. ఈ లెక్కన 5 మీటర్ల దగ్గర మొదటి తరగతి టేపు ఎక్కువలో ఎక్కువ 0.6 మిల్లీమీటర్లు, రెండో తరగతిది 1.3, మూడో తరగతిది 2.6 అటో ఇటో తప్పవచ్చు. 10 మీటర్లకు ఇవి 1.1, 2.3, 4.6 అవుతాయి. సున్నా ఒక గీతగా కాక, కొక్కెంలా ఒక అంచుగా ఉంటే ఆ చివర నుంచి కొలిచే దూరానికి మరికొంత సడలింపు ఇచ్చారు. అది తరగతిని బట్టి 0.1, 0.2, 0.3 మిల్లీమీటర్లు. కొక్కెం అదనపు తప్పుకు తావిస్తుందని నిబంధనలే లెక్కలోకి తీసుకున్నాయన్నమాట.

ఆ ముద్ర పక్కన ఐరోపా నిబంధనలకు లోబడిందని చెప్పే సీఈ గుర్తు, దీర్ఘచతురస్రంలో ‘ఎమ్’ అక్షరంతో సంవత్సరం చివరి రెండంకెలు, తనిఖీ సంస్థ సంఖ్య కూడా ఉండాలి. ఇవేవీ లేని టేపు తప్పకుండా చెడ్డదని కాదు. ఎంత తప్పవచ్చో చెప్పే పూచీ లేదని మాత్రమే అర్థం.

మరి ఏ తరగతి కావాలి? ఇటుక పనికి, సెంట్రింగుకు, కడ్డీల దూరాలకు రెండో తరగతి ధారాళంగా సరిపోతుంది. మామూలు పెన్సిల్ గీత మందం, కంటి తప్పు కలిస్తేనే ఒక మిల్లీమీటరు దాటుతుంది. అద్దాలు, అల్యూమినియం చట్రాలు, గోడలో అమరే అల్మరాలు, కర్మాగారంలో తయారై వచ్చి బిగించే భాగాలు కొలిచేవారు మొదటి తరగతి తీసుకుంటే ఆ ఖర్చు వృథా కాదు. మూడో తరగతి టేపు ఇల్లు సర్దుకోవడానికి చాలు, కట్టడానికి వద్దు.

తరగతి పెంచుకోవడం కంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఇంకొకటుంది. రెండో తరగతి టేపులు రెండు తీసుకుంటే, ఒకటి 1.3 ఎక్కువ, ఇంకొకటి 1.3 తక్కువ చెప్పినా రెండూ నిబంధనల లోపలే ఉన్నట్టు. కానీ 5 మీటర్ల దగ్గర వాటి మధ్య తేడా 2.6 మిల్లీమీటర్లు. ఒకరు తమ టేపుతో సందు కొలిచి చీటీ రాసిస్తే, ఇంకొకరు తమ టేపుతో కోస్తే ఆ తేడా మొత్తం పనిలోకి దిగుతుంది. కొలిచిన టేపుతోనే కోస్తే టేపు తప్పు తనంతట తానే రద్దయిపోతుంది. పని మొదలయ్యే రోజున స్థలంలో ఉన్న టేపులన్నిటినీ పక్కపక్కన చాచి 1, 3, 5 మీటర్ల దగ్గర పోల్చి, మిగతావాటితో పొసగనిదాన్ని పక్కన పెట్టడానికి కొద్ది నిమిషాలు చాలు. ఇది ప్రతి పనిస్థలంలోనూ జరగాలి. చాలాచోట్ల జరగదు.

చిన్న తప్పు పెద్దదయ్యే చోటు

రెండు మిల్లీమీటర్ల గురించి ఇంత ఆందోళన ఎందుకని అనిపించవచ్చు. పునాది మార్కింగు చూస్తే విషయం తెలుస్తుంది. మూలమట్టం సరిచూడడానికి 3, 4, 5 మీటర్ల త్రిభుజం వేస్తారు. 5 మీటర్ల కర్ణం కొలవడంలో 5 మిల్లీమీటర్లు తప్పితే మూల 0.12 డిగ్రీలు పక్కకు పోతుంది. వినడానికి ఏమీ కాదు. అదే గోడను 10 మీటర్లు పొడిగిస్తే అవతలి చివర 20 మిల్లీమీటర్లకు పైగా తప్పుతుంది. నేల మీద టైల్స్ పరిచినప్పుడు గోడ వెంట కోసిన వరస ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా కనిపించేది ఇలాంటి మూల వల్లే. అదే పరీక్షను 6, 8, 10 మీటర్లతో చేస్తే, అంతే తప్పు జరిగినా గోడ చివర తేడా సగమవుతుంది. అంటే పొడవైన టేపు దూరాలు కొలవడానికే కాదు, మూలలు సరిగ్గా రావడానికీ కావాలి. 5 మీటర్ల టేపుతో పునాది గీసే పద్ధతిని వదిలేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఒక గీత నుంచి తర్వాతి గీతకు టేపు జరుపుకుంటూ పోవడం ఇంకో మార్గం, తప్పులు కూడబెట్టుకోవడానికి. ఇరవై చోట్ల గుర్తులు పెట్టాల్సి ఉండి, జరిపిన ప్రతిసారీ ఒక మిల్లీమీటరు ఒకే వైపు తప్పితే చివరికి 20 మిల్లీమీటర్లు. టేపును ఒక్కసారి చాచి, సున్నా కదలకుండా 150, 300, 450 అంటూ గుర్తులన్నీ ఒకే వరసలో పెడితే ఆ గొడవ ఉండదు. ఇలా చేయాలంటే బ్లేడు పని పొడవుకు సరిపడా ఉండాలి. టేపు పొడవు గురించి మాట్లాడాల్సిన అసలు సందర్భం ఇదే.

బ్లేడు వెడల్పు, వంపు, పూత

బ్లేడు మధ్యలో గుంటలా వంగి ఉంటుంది. ఆ వంపు వల్లే అది గాలిలోకి చాచినా వాలిపోకుండా నిలుస్తుంది, అయినా డబ్బాలోకి చుట్టుకుంటుంది. అమెరికాలో ఆల్విన్ ఫెలోస్ 1868లో స్ప్రింగు టేపుకు, ఎక్కడికక్కడ ఆగే అమరికతో, పేటెంటు పొందాడు. ఈ వంపు బ్లేడుకు హైరమ్ ఫరాండ్ 1922లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు చేతిలో ఉన్న టేపు దాదాపు ఆ రెండు ఆలోచనల కలయికే.

ఒంటరిగా పనిచేసేవారికి బ్లేడు ఎంతదూరం వాలకుండా నిలబడుతుందన్నది ముఖ్యం. 19 మిల్లీమీటర్ల వెడల్పు బ్లేడు తొందరగా వాలుతుంది, 25 వెడల్పుది అంతకంటే బాగా నిలుస్తుంది, 32 వెడల్పుది ఇంకా దూరం పోతుంది. పెట్టె మీద రాసే దూరం చదునైన చోట, జాగ్రత్తగా చాచినప్పటిది. గాలిలో, నిచ్చెన మీద అంత రాదు.

వెడల్పు పెరిగితే అంతా లాభమే అనుకోకూడదు. వంపు లోతుగా ఉన్న బ్లేడు కొలవాల్సిన ఉపరితలానికి ఆనదు. గీతలున్న అంచు గాలిలో లేచి ఉంటుంది కాబట్టి కాస్త పక్క నుంచి చూసినా వేరే అంకె చదువుతారు. బ్లేడును వాల్చి అంచును చెక్కకు తాకించి చదివితే ఈ తప్పు పోతుంది. సన్నని, మెత్తని బ్లేడుకు ఇంత శ్రమ అక్కర్లేదు. వడ్రంగి బల్ల మీద 3 లేదా 5 మీటర్ల సన్న టేపు ఇప్పటికీ మేలనడానికి కారణం ఇదే. కట్టడం పని మొత్తానికి ఒకే టేపు కావాలంటే 25 మిల్లీమీటర్ల వెడల్పుతో 8 మీటర్లది మధ్యస్థంగా సరిపోతుంది. 10 మీటర్లది నడుముకు బరువు, చివరి మీటర్లలో స్ప్రింగు లాగుడు కూడా ఎక్కువ.

పూత విషయంలో పోలిక సూటిగా ఉంటుంది. రంగు మీద పలచని వార్నిష్ మాత్రమే ఉన్న బ్లేడు ఇసుక, సిమెంటు రాపిడికి త్వరగా అరుగుతుంది. నైలాన్ పూత గానీ, పాలిస్టర్ పొర గానీ ఉన్నది అంతకంటే చాలాకాలం నిలుస్తుంది. ఎక్కువ రాపిడి పడే మొదటి పది పదిహేను సెంటీమీటర్లకు అదనపు పొర వేసిన టేపు దొరికితే దాన్నే తీసుకోవాలి. ఎండలో మెరిసే బ్లేడు కంటే మెరుపు లేనిది చదవడానికి హాయి. తడి సిమెంటు అంటిన బ్లేడును తుడవకుండా చుట్టేస్తే ఎంత మంచి పూతైనా నిలవదు.

అంకెల ముద్రణను కొనేవారు అసలు పట్టించుకోరు. నక్షా మిల్లీమీటర్లలో ఉంటే రెండు అంచులా మిల్లీమీటర్లే ఉన్న టేపు మంచిది. ఒక అంచున అంగుళాలు, ఇంకో అంచున సెంటీమీటర్లు ఉన్నది తీసుకుంటే సగం సందర్భాల్లో కావాల్సిన గీతలు అవతలి వైపు ఉంటాయి, వాటిని కంటితో ఇవతలికి తేవాలి. అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, దానిలో పదహారో వంతు సుమారు 1.6. అందువల్ల అంగుళాల్లో దగ్గరి గీతకు సర్ది రాసి, తర్వాత మిల్లీమీటర్లలోకి మార్చే పనిలో ప్రతిసారీ కొంత పోతుంది. కొన్ని టేపుల మీద ప్రతి 16 అంగుళాలకు ఒక గుర్తు, 19.2 అంగుళాలకు నల్లని వజ్రాకారం కనిపిస్తాయి. అవి 8 అడుగుల పలకలను ఆరు లేదా ఐదు సమభాగాల మీద బిగించే చెక్క ఇళ్ల పనికి ఉద్దేశించినవి. కాంక్రీటు పనిలో వాటితో పని లేదు.

డబ్బా గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. చేతిలో ఇమడాలి, మూలలకు రబ్బరు ఉండాలి, లాక్ వేస్తే బ్లేడు జారకూడదు. డబ్బా పొడవు దాని మీదే రాసి ఉందా అని మాత్రం చూడాలి. తలుపు సందు లోపలి కొలత తీసేటప్పుడు బ్లేడును మూలలో వంచి ఊహించడం కంటే, డబ్బాను గోడకు ఆనించి, చదివిన అంకెకు ఆ పొడవు కలపడం మేలు.

పొడవైన టేపులు వేరే జాతి

30, 50 మీటర్ల టేపుకు కొక్కెం సమస్య అంతగా ఉండదు. దాని సమస్యలు లాగుడు, వేడి, వాలు. చివరి రింగు బయటి అంచే సున్నా అయిన టేపులున్నాయి, రింగు దాటి బ్లేడు మీద గీత దగ్గర సున్నా ఉన్నవీ ఉన్నాయి. పని మధ్యలో ఒక రకం నుంచి ఇంకో రకానికి మారితే కొన్ని సెంటీమీటర్లు గల్లంతవుతాయి. కొన్న రోజే సున్నా ఎక్కడుందో చూసి, పట్టుకునే ఇద్దరికీ చూపించాలి.

ఉక్కు టేపు మీద 20 డిగ్రీలు, 50 న్యూటన్లు అని రాసి ఉంటే, ఆ వేడిలో, ఆ లాగుడుతో మాత్రమే అంకెలు నిజమని అర్థం. 50 న్యూటన్లంటే 5 కిలోల బరువు వేలాడదీసినంత. ఎండలో బ్లేడు 40 డిగ్రీలకు చేరితే 30 మీటర్ల ఉక్కు దాదాపు 7 మిల్లీమీటర్లు సాగుతుంది. సాగిన టేపు నిజమైన దూరం కంటే తక్కువ చూపిస్తుంది. నేల మీద పరచకుండా గాలిలో వేలాడదీస్తే ఇంకా పెద్ద తప్పు వస్తుంది. 13 మిల్లీమీటర్ల వెడల్పు, 0.2 మందం ఉన్న 30 మీటర్ల బ్లేడు 50 న్యూటన్ల లాగుడులో మధ్యన వాలడం వల్ల సుమారు 18 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. లాగుడు సగమైతే ఆ తప్పు నాలుగింతలై 70 దాటుతుంది. ఇంత తప్పు ముందు తరగతి అంకె వెలవెలబోతుంది. వీలైనంతవరకు టేపును నేల మీదో, వరసగా పెట్టిన ఆసరాల మీదో పరచాలి.

ఫైబర్‌గ్లాస్ టేపు తుప్పు పట్టదు, తడికి చెడదు, తొక్కినా విరగదు. కానీ లాగితే ఉక్కుకంటే ఎక్కువ సాగుతుంది. మట్టి తవ్వకానికి, కంచెకు, కాలువ పొడవుకు అది చక్కగా సరిపోతుంది. స్తంభాల కేంద్రాలు గుర్తించడానికి ఉక్కు టేపే వాడాలి. ఉక్కు కరెంటు ప్రవహించే లోహమని మరవకూడదు. తీగలకు దగ్గరగా దాన్ని చాచడం ప్రాణాంతకం.

లేజర్ దూరమాపకం వచ్చాక టేపుతో పనేమిటని అడిగేవారున్నారు. గది పొడవు, పైకప్పు ఎత్తు చూడడానికి అది టేపుకంటే వేగం, సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు చెబుతుంది. కానీ మండుటెండలో దాని చుక్క కనపడదు, చెక్క మీద గీత పెట్టాలంటే మళ్లీ టేపే తీయాలి. రెండూ ఉన్నచోట ఒకదానితో ఇంకోదాన్ని సరిచూసుకోవడం వల్ల వచ్చే లాభమే ఎక్కువ.

ఎంత జాగ్రత్తగా వాడినా టేపుకు ఒక వయసుంటుంది. మొదటి సెంటీమీటర్ల గీతలు చెరిగినా, బ్లేడు ఎక్కడైనా మడతపడి ఆ మడత నిటారు కాకపోయినా, చెక్కముక్క పరీక్షలో కొక్కెం ఒక మిల్లీమీటరు తప్పినా దాన్ని కొలతల పని నుంచి తప్పించాలి. సామాను గదిలో ఒక మూల పడేస్తే తొందరలో ఎవరో ఒకరు మళ్లీ దాన్నే తీసుకుంటారు. కొక్కెం ఉన్న చివరను కత్తిరించేస్తే ఇక దానితో ఎవరూ కొలవరు.